నారింజ షామియానా కింద ఎర్మెలిందా

కొవిల్యా ఊళ్లో ఉన్ని మిల్లు మూతపడేదాకా, ముప్పై ఎనిమిదేళ్లు ఎర్మెలిందా రంగుల తొట్ల దగ్గరే నిలబడింది. గోళ్ల చుట్టూ నీలం ఇంకా పోలేదు. మనిషి ఎదురైతే ముందు చొక్కా రంగు చూస్తుంది, ముఖం సంగతి తర్వాత. నన్నే నాలుగేళ్లపాటు "ఆ వెలిసిపోయిన కోటు ఆయన" అంది. నా పేరు ఎలీసియు అనీ, ఇరవయ్యేళ్లు మందుల షాపులో పనిచేశాననీ ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది.

రెండేళ్లకోసారి ఆగస్టులో మా చెరువు ఒడ్డున పాటల జాతర. వారంపాటు నేలలోంచి డప్పు మోగుతూనే ఉంటుంది. రెండో రోజుకల్లా ఆ చప్పుడు నేలదో మన గుండెదో తెలియదు. కుర్రపిల్లలు ఎవరి దగ్గరో కొన్న మత్తు మాత్రలు, అవి అసలువో కావో పరీక్షించే మా డేరాకి తెస్తారు. ఎందుకు కొన్నావని అడగం, పేరూ అడగం. మాత్ర అంచు గీకి, ఆ పొడి మీద సీసాలోంచి రసాయనం ఒక చుక్క వేసి, రంగు ఎటు తిరుగుతుందో చూస్తాం. వాళ్లు ఏదనుకుని కొన్నారో అది కాకపోతే రంగు చెప్పేస్తుంది. ఎంత ఉందో చెప్పదు. భయం లేదని అసలే చెప్పదు.

ఎర్మెలిందా మొదట వచ్చింది మేకజున్ను అమ్ముకోవడానికి. ఓసారి నా భుజం మీంచి పళ్లెంలోకి తొంగిచూసి, "అది నలుపు కాదయ్యా, మాడిన ఇటుక," అంది. రంగుల పట్టిక తిరగేస్తే ఆమె మాటే నిజం. సిగ్గు చంపుకుని అప్పటికప్పుడే నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అప్పట్నుంచి పిల్లలు "అత్తా" అంటూ తిట్లు తినడానికే వచ్చినట్టు వచ్చేవాళ్లు.

"మింగకపోతే అన్నిటికన్నా మంచిది. వినవు కదా? అయితే సగం చాలు. గంటన్నర ఆగు. నీళ్లు తాగు. ఒంటరిగా తిరిగావో, చెవి మెలేస్తా."

మొన్నటి జాతరలో ఎండకి తాళలేక డేరా ముందు షామియానా కట్టించమంది. నారింజ రంగు గుడ్డ దొరికింది. దాని కింద కూర్చుంటే తేనె సీసాలో కూర్చున్నట్టుండేది. నిద్రా మెలకువా కాని ఆ వెలుగులో అందరూ అందంగానే కనిపించారు. నాక్కూడా లేవబుద్ధి కాలేదు.

ఒంటిగంటకి పళ్లేలు కడగడానికని బయటికి వెళ్లిన ఎర్మెలిందా ఎండలో ఆగిపోయింది. నీడలో వంకాయ నలుపులా కనబడిన మరక ఒకటి ఎండలో పాచి పచ్చగా ఉంది. ఆరిపోయి రంగు మారిందేమో అన్నాను. ఆమె మిగిలిన పొడి మీద మళ్లీ చుక్క వేసింది. మళ్లీ పచ్చ. పొద్దున చూసిన మిగతా ఐదూ అలాగే ఎండలో వేసి చూశాం. వాటిలో తేడా లేదు.

"మిల్లులో ఉత్తరం వైపు కిటికీ వెలుగులోకి తీసుకెళ్లకుండా ఒక్క పోగు రంగు కూడా చెప్పలేదు నేను," అంది. "ఇప్పుడు రంగు గుడ్డ కింద కూర్చుని చెప్పాను. 'నువ్వనుకున్నదే బాబూ' అన్నాను."

"ఎవరితో?"

"గుడ్లగూబ బొమ్మ అచ్చేసిన మాత్ర తెచ్చినవాడితో. వాడి దగ్గర రెండున్నాయి."

"మనిషెలా ఉంటాడు?"

"రెండుసార్లు నీలిమందులో ముంచిన చొక్కా. మెడ దగ్గర వెలిసింది."

"ముఖం?"

"చూడలేదు."

ఒడ్డున వేలమంది ఉన్నారు. ఒక్కరి ఒంటిమీదా చొక్కా లేదు. ఎండ మంచులా పరుచుకుని దూరంగా ఉన్నవాళ్లు కాళ్లు లేకుండా తేలుతున్నట్టున్నారు. ఎర్మెలిందా మనుషుల్ని వదిలేసి బట్టల కుప్పలు చూసుకుంటూ నడిచింది. ఎవరో ఆమె జుట్టులో పువ్వు పెట్టారు. ఆమెకి తెలియనే తెలియదు. మూడు నీలం చొక్కాలు ఎత్తి చూసి పారేసింది. నాలుగోది ఒక బండ మీద ఉంది. మెడ దగ్గర వెలిసింది.

దాని పక్కనే, నడుం లోతు నీళ్లలో ఓ కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడు. దవడ బిగుసుకుపోయి ఉంది.

"అత్తా, చేపలు పాడుతున్నాయి."

"పాడనీ. ఎంత మింగావు?"

"సగమే. మీరు తిడతారని."

చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. వైద్యుల డేరాకి ఇద్దరం మోసుకెళ్లాం. వాడి చొక్కా జేబులో మిగిలిన మాత్రలు ఎర్మెలిందా డాక్టరు చేతిలో పెట్టి, తను చూసిన రంగూ, తను చేసిన తప్పూ ఒక్క మాట దాచకుండా చెప్పింది. పొద్దువాలేవేళకి జ్వరం దిగింది. మొత్తం మింగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరన్నాడు.

"విన్నావా, నీ తిట్లే కాపాడాయి," అన్నాను.

"సగం చాలన్న మాట వచ్చిన ప్రతివాడికీ చెప్పేదే, ఎలీసియు. వాడికి చెప్పాల్సింది, అది వాడనుకున్న మాత్ర కాదని. అది చెప్పలేదు."

నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. సంతోషించే సమయం కాదు.

వెనక్కొచ్చి షామియానా తాళ్లు తనే కోసేసింది. హెచ్చరికల బోర్డు మీద గుడ్లగూబ బొమ్మ వేసి, కింద రాసింది: 'ఇది మీరనుకున్న మాత్ర కాదు. పొద్దున దీన్ని తప్పుగా చూసింది నేను, ఎర్మెలిందా ఫ్రగోజు.'

"ఇక్కడ పేర్లు రాయం కదా. రేపట్నుంచి మన గడప ఎవరు తొక్కుతారు?" అన్నాను కోపంగా.

"తొక్కకపోతే పోనీ," అని సుద్ద కింద పెట్టింది.

మర్నాడు పొద్దున ఆమె తన బల్లని నేరుగా ఎండలోకి లాగి కూర్చుంది. నా బల్ల ముందు ఒక్కరూ లేరు. వరస మొత్తం, నీళ్లదాకా, ఆమె ముందే ఉంది. నేను గొడుగు తెచ్చి, పళ్లెం మీద నీడ పడకుండా, ఆమె నెత్తిమీద పట్టుకున్నాను.