ఎనిమిది గంటల తోడు

2008లో ఒకరోజు దీవెనమ్మ హెచ్ఐవీ మందుల కోసం ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కింది. బయటి దేశాలు డబ్బిస్తున్నాయని, మాత్రలు ఉచితమేనని చర్చికొచ్చే నర్సు ఎస్తేరు చెప్పింది. దీవెనమ్మ భర్త ఏసుదాసు లారీ డ్రైవరు. ఆ జబ్బుతోనే ఆరేళ్ల కిందట పోయాడు. అప్పట్లో ఆ మాత్రలు కొనాలంటే లారీ అమ్ముకోవాలన్నారు. లారీ ఆయనది కాదు. ఆ డబ్బేదో సముద్రం దాటి వచ్చేసరికి మనిషే లేడు.

మందులు మొదలుపెట్టాలంటే ఒకరు తోడుగా సంతకం చేయాలి. పొద్దున, రాత్రి ఎనిమిదింటికి మాత్ర గుర్తుచేయాలి. తోడెవరని నంద్యాల ఆసుపత్రిలో కౌన్సెలర్ అడగ్గానే దీవెనమ్మ, "ఏసుదాసు" అంది.

"ఆయన్ను పిల్చకరామ్మా, సంతకం చేయాల."

"యాడ నుంచి పిల్చకచ్చేది సారూ? సమాధిలో ఉండాడు."

కౌన్సెలర్ పెన్ను ఆపాడు. "మరి ఆ పేరెందుకు చెప్తివి?"

"ఎనిమిదైతే ఆయనే గుర్తొస్తాడు సారూ. లారీ యాడున్నా రాత్రి ఆ యాళకు బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి, తింటివా అని అడిగేటోడు."

మరుసటి వారం ఎస్తేరు వచ్చి సంతకం చేసింది. ఆ తర్వాత దీవెనమ్మ ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్ర మింగి, "తింటి" అని పైకే చెబుతుంది. చెప్పి కాసేపు ఆగుతుంది, "సరే, ఫోన్ పెట్టేస్తాండా" అనే ఆయన మాట కోసం.