మిద్దె మీద ప్లాస్టిక్ గది

ఏళ్ల తరబడి లారీ తోలిన మనిషి ఒక్కసారిగా ఇంటిపట్టున కూర్చుంటే ఎలా ఉంటుందో మా ఆయనను చూశాకే నాకు తెలిసింది. ఒకరోజు అన్నం తింటుండగా గుండెపోటు వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో స్టెంట్ వేసి పంపుతూ, ఇక స్టీరింగ్ ముట్టొద్దని డాక్టర్ చెప్పాడు. మా ఇల్లు దేవరకొండలో. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. పొద్దున పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఆయన ఒక్కడే. పిల్లలకు పాటలు చెబుతున్నా నా చెవి ఫోను మీదే ఉండేది.

తెలంగాణ వచ్చాక మా వాడకు నల్లా నీళ్లు వచ్చాయి. అంతకుముందు బోరు నీళ్లు పోస్తే కుండీల్లో మన్ను మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. నల్లా ఉందన్న ధైర్యంతో ఆయన మిద్దె మీద టమాట, కీర, క్యాప్సికం పెట్టాడు. చలిగాలికి నారు ముడుచుకుపోతోందని వెదురు బొంగులు నిలబెట్టి, పైనా చుట్టూ మందపాటి ప్లాస్టిక్ కవరు బిగించాడు. నడుమెత్తు తలుపు. వంగి లోపలికి పోవాలి.

ఆ చలికాలం మొక్కలు ఏపుగా పెరిగాయి. ఆయన ముఖంలోనూ కళ వచ్చింది. మాటిమాటికీ మెట్లెక్కుతున్నాడని ఒకపక్క గుబులు, ఏదో పనిలో పడ్డాడని ఒకపక్క నెమ్మది. మధ్యాహ్నం నేను పిల్లలకు అన్నం పెట్టే వేళకు ఫోన్ చేసి మొక్కల సంగతులు చెప్పేవాడు. ఏం చెప్పాడన్నది నాకు సగమే ఎక్కేది. గొంతు వినపడితే చాలు.

చలి తగ్గుతుండగా కీర ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు కనిపించాయి. ఆ రోజు ఆయన సరిగా తినలేదు.

"బూడిద తెగులంట. లోపల గాలి ఆడకుంటె వస్తదంట. జర పక్కలకు తెరువరాదు?" అన్నాను.

"తెరిస్తె ఆకుల రసం పీల్చే తెల్లదోమ జొరబడ్తది. పక్క జాగల వంకాయ చెట్లున్నయ్. ఆకు కింద అంత దోమనే."

ఆయనది గొర్రెలు కాసుకునే ఇల్లు. "మందల ఒక్కదానికి ముక్కు గారితె మా నాయిన దాన్ని యేరే కట్టేసేటోడు. ముందుగాల గా తెగులు కుండీలు బయట పెడ్త" అన్నాడు. అలాగే పెట్టాడు. మచ్చల ఆకులు కత్తిరించి పొయ్యిలో వేశాడు. కత్తెరను వేడినీళ్లతో కడిగాడు. పొద్దువాలాక వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొట్టాడు. తెగులు ఆగినట్టే ఆగి, మరో మూల కనిపించేది. ఆయనకు నిద్ర తగ్గింది. ఈ మొక్కలు పోతే మనిషి ఏమైపోతాడోనని నాకూ నిద్ర పట్టేది కాదు.

శివరాత్రి దాటింది. ఎండలు ముదిరాయి. పగలు ఆ ప్లాస్టిక్ గదిలో నిలబడితే అన్నం గిన్నె మీద మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టేది. మొక్కలు మధ్యాహ్నానికి తల వేలాడేసేవి. కవరు తీసేయమని రోజూ పోరుపెట్టాను.

"ఈ కాత అయిపోనీ. ఫికర్ చెయ్యకు" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ రాలేదు. నేనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అంగన్‌వాడీలో నాకు సాయంగా ఉండే ఆయమ్మకు పిల్లలను అప్పజెప్పి ఆటో ఎక్కాను. దారి పొడవునా ఆయన ఏదో పనిలో ఉండి వినలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం మీద ఆయన ఫోన్ ఉంది, ఆయన లేడు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. కవరు లోపలి వైపు ఆవిరి పట్టి మసకగా ఉంది. వంగి లోపలికి పోతే, కుండీల మధ్య పిట్టగోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. అంగీ చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమయ్యా."

కళ్లు తెరిచాడు. "పైన కవరు ఇప్పుదామని వచ్చిన. కళ్లు తిరిగినయ్" అన్నాడు. నాలుక మడతపడుతోంది.

ఆ నడుమెత్తు తలుపులోంచి ఆయనను ఎలా తేవాలో తోచలేదు. కింద పడి ఉన్న కత్తెర తీసుకుని కవరును పైనుంచి కింది దాకా చీల్చాను. గాలి వచ్చింది. కేక వేస్తే పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం పట్టుకుని దించాం.

దవాఖానలో ఛాతీకి వైర్లు పెట్టి చూస్తున్నంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. డాక్టర్ కాగితం చూసి, "గుండెకేం కాలేదమ్మా, ఎండదెబ్బ" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సెలైన్ ఎక్కుతుండగా ఆయన నా వైపు చూశాడు. "కవరు చింపినవ్ గదా, లోపట దోమ పడ్డదా?"

"నేను దోమను జూడలే. నిన్ను జూసిన. ఇంటికి పోంగనే అదంత పీకి పారేస్త."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు బట్టల కోసం ఇంటికి పోయి, పీకాలనే మిద్దె ఎక్కాను. కీర తీగలు ఎండి వేలాడుతున్నాయి. క్యాప్సికం ఆకులు మాడిపోయాయి. టమాట మొక్కలు మాత్రం తల ఎత్తాయి. ఒక కొమ్మ కదిపితే ఆయన చెప్పినట్టే దోమ తెల్లగా లేచింది. కోపంతో ఆ కొమ్మను పట్టుకున్నాను గానీ పీకబుద్ధి కాలేదు. తర్వాత బకెట్టుతో నీళ్లు తెచ్చి పోశాను. దవాఖానకు పోగానే మొక్కల సంగతి అడుగుతాడు. అన్నీ చచ్చాయని ఆ మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆయన ఇంటికి వచ్చే లోపే పక్కింటాయన సాయంతో ప్లాస్టిక్ అంతా తీయించాను. పైన ఎండ ఆపే పచ్చ నెట్టు, చుట్టూ దోమ దూరని సన్నటి జాలీ కట్టించాను. తలుపు మనిషెత్తు పెట్టించాను. ఎండ ఎక్కాక మిద్దె మీదికి పోవద్దని ఒట్టు వేయించుకున్నాను. మొదట్లో మూతి ముడిచాడు గానీ, టమాటలు కాయడం మొదలయ్యాక మాట్లాడాడు.

కీర మాత్రం మళ్లీ మాకు అచ్చిరాలేదు. ఈ ఏడు మిరప పెట్టాం. పొద్దున్నే ఇద్దరం వెళ్లి ఆకులు తిప్పి చూస్తాం. చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి, పురుగు కనపడదు. ఎందుకో ఇంకా అంతు పట్టలేదు.