దవడ మర్దన వేళ అన్నయ్య పలకరింపు

దవడ కీలు పట్టేసినందున ఈ ఉదయం నరసరావుపేటలో ఫిజియోథెరపిస్టు గారు నా నోట్లో బొటనవేలు పెట్టి, చెంప కండరాన్ని లోపలి నుంచి మర్దన చేస్తున్నారు. అప్పుడు తెర అవతల మా అన్నయ్య గొంతు వినిపించింది. పంచాయతీ ఎన్నికల నాటి నుంచి మా మధ్య మాటలు లేవు.

"ఏరా, నోరు తెరవలేకపోతున్నావంట గదా. ఇప్పుడెట్టా ఉంది?"

నేను లేవబోయాను.

"కదలమాకండి సార్, మళ్లీ బిగుస్తది," అన్నారు థెరపిస్టు.

"సర్లే. ఇంకా మాట్లాడవన్నమాట," అని అన్నయ్య వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

ముందుగా పలకరించవలసిన చిన్నవాణ్ని నేనేననీ, ఇన్నాళ్లూ నా నోరు ఖాళీగానే ఉందనీ విచారంతో అంగీకరిస్తున్నాను. మా ఊరు నకరికల్లులోని మిత్రులకు ఆయన కనిపిస్తే, ఆ సమయంలో నా నోరు నా అధీనంలో లేదని దయచేసి తెలియజేయగలరు.