తిమోతన్న నల్ల బాత్రూం

మా వీధిలో ఎవరింట్లో ఏ గోడ పగలగొట్టినా ఆ చప్పుడు ముందు నాకే వినిపిస్తుంది. వినిపించకపోతే వెళ్ళి కనుక్కుంటాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు. ఆయనకేం, పొద్దున పోతే టమోటా మార్కెట్లో వేలం కేకలు వినీ వినీ ఇంటికొచ్చేసరికి ఇక మనిషి మాట వినబుద్ధి కాదు. కాబట్టి ఆరా తీసే పని నాకు మిగిలింది. అలా తీయబట్టే మా పక్కింటి తిమోతన్న బాత్రూం ఎందుకు నల్లబడిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను. మదనపల్లెలో మిగతావాళ్ళు చెప్పుకునేవన్నీ సగం సగం కథలు, నమ్మకండి.

తిమోతన్న మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పట్లా కంప్యూటర్లో బొమ్మ చూసే కాలం కాదది. ఫిల్ము పట్టుకుని చీకటి గదిలోకి పోయి, తలుపేసుకుని, మందునీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. ఆ గదికి నల్లగోడలు, మూలన ఎర్రలైటు. ఉద్యోగమంతా దాదాపు అందులోనే గడిచింది. రెండు తొట్లలో ఏది ఏ మందో చీకట్లో తెలియాలని ఒకదాని అంచుకు గోనెతాడు చుట్టి పెట్టుకునేవాడట. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ‘డార్క్‌రూం తిమోతి’ అనేవారు. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆ పేరు విని ఎవరో రౌడీ అనుకుని మొదటి ఆదివారం కాస్త దూరంగానే ఉన్నారట. మనిషేమో ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. మాట నిదానం. కోపం వస్తే మాత్రం కసురుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఒకరితో చెప్పి పని చేయించుకోవడమంటే చచ్చేంత నామోషీ.

అలాంటి మనిషికి షుగర్ వచ్చి కళ్ళను పట్టింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమేనన్నారు డాక్టర్లు. అంతా పొగమంచులో చూసినట్టు ఉంటుందట.

సరిగ్గా అదే సమయంలో కూతురు మెర్సీ తండ్రికి కొత్త బాత్రూం కట్టించింది. మెర్సీ పుంగనూరులో నర్సు. పాత బాత్రూంలో సిమెంటు నేల, పాచి, కిందికి కూర్చోవలసిన దొడ్డి. నాన్న ఎక్కడ జారిపడతాడోనని తన జీతంలోంచి కూడబెట్టి అంతా మార్పించింది. నేల నుంచి పైకప్పు దాకా తళతళలాడే తెల్ల టైల్స్. తెల్ల కమోడ్, తెల్ల బేసిన్, తెల్ల బకెట్, అందులో మగ్గు కూడా తెల్లదే. చూసి నాకు అసూయ పుట్టిందంటే అబద్ధం కాదు. మా బాత్రూంకు ఇప్పటికీ కింద సగం చెదలు తినేసిన తలుపే.

ఆ తెల్లగదిలోనే తిమోతన్న పరువు పోయింది. కమోడ్ అనుకుని దాని పక్కన ఖాళీలో కూర్చోబోయి కిందపడ్డాడు. ఎముక విరగలేదు గానీ మనసు విరిగింది. అప్పటి నుంచి హన్నక్క, అంటే ఆయన భార్య, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, కూర్చోబెట్టి, పక్కనే నిలబడేది.

ఒకరోజు బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా హన్నక్క నాతో చెప్పింది. “పెండ్లయినప్పటి నుంచి నా ముందర చొక్కా లేకుండా నిలబడిన మనిషి కాదు ప్రసన్నా. ఇప్పుడు నేను పక్కన ఉంటే ఆయనకు రావడంలా. బాత్రూంకు పోవల్సొస్తాదని నీళ్ళు తాగేదే మానుకున్నాడు. కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టరు తిట్టినాడు. అయినా గుటక మింగడు.”

“కసురుకుంటాడా నీ మీద?”

“కసురుకుంటే బాగుండును. అసలు మాట్లాడడంలా.”

ఇదీ సంగతి. తన బాత్రూంకు తాను పోయి రావాలి, అంతే ఆయనకు కావలసింది. లేకపోతే దాహంతో ఎండిపోయేలా ఉన్నాడు.

ఇక నల్లరంగు సంగతికి వస్తాను. నేను గిన్నె తిరిగివ్వడానికి వాళ్ళింటికి పోయిన రోజు, హన్నక్క నాకూ ఆయనకూ టీ పోసి వంటగదిలో నల్లరాతి గట్టు మీద పెట్టింది. తెల్ల పింగాణీ కప్పులు. తిమోతన్న చెయ్యి చాపి, తడుముకోకుండా, కప్పు చెవి పట్టుకుని ఎత్తాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఎందుకంటే అంతకుముందు రోజే హాల్లో, తెల్లగుడ్డ పరిచిన టేబుల్ మీద అదే కప్పు కోసం వెతికి వెతికి ఒలకబోసుకున్నాడు.

“అన్నా, ఇదెట్ల కనపడింది నీకు?”

ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది. కప్పు కింద పెట్టి మళ్ళీ ఎత్తాడు. “ఏమో ప్రసన్నమ్మా. గుండ్రంగా, తెల్లగా, బాగానే కనపడతాండాది.”

నన్ను ఇక ఎవరు ఆపగలరు? డబ్బాలోంచి ఉప్పు తీసి గట్టు మీద కుప్ప పోశాను. “కనపడింది” అన్నాడు. ఇడ్లీ తెచ్చి తెల్లప్లేటులో పెట్టాను. “ఏం లేదే” అన్నాడు. అదే ఇడ్లీని దోసెపెనం మీద పెట్టాను. “ఇడ్లీ. అంచు విరిగిండాది” అన్నాడు. హన్నక్క నీలం దుప్పటి పరిచి దాని మీద తెల్ల కర్చీఫు వేసింది. మసగ్గా ఉందన్నాడు. నల్లగొడుగు విప్పి దాని మీద వేస్తే మడతతో సహా చెప్పాడు. అన్నం పొయ్యి మీద మాడిపోతున్నా మేం ముగ్గురం వంటగదిలోంచి కదల్లేదు.

ఉన్నట్టుండి తిమోతన్న స్టూలు మీద కూర్చుని నవ్వాడు. “ఎక్స్‌రే కూడా ఇంతే గదా. సుట్టూ నలుపు ఉంటేనే ఎముక తెల్లగా తేలతాది. నా బాత్రూంలో అంతా ఎముకే పెట్టింది నా బిడ్డ.”

మరుసటి వారం కురబలకోట నుంచి మా తమ్ముడు గణేష్ వస్తుంటే, టమోటా మడుల మీద పరిచే నల్ల ప్లాస్టిక్ కాగితం మిగిలింది తెమ్మన్నాను. దాన్ని బాత్రూం గోడలకూ నేలకూ టేపుతో అంటించాం. నల్లబడిన గదిలో కమోడ్ తెల్లగా తేలింది. తిమోతన్న గుమ్మంలో నిలబడి చూశాడు. చెయ్యెత్తి చూపించాడు.

“అదో. ఆడ ఉండాది.”

హన్నక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఒక్కడే నడిచి పోయాడు. కమోడ్ దగ్గరికి చేరాడు కూడా. అంతలో కాలి కింద ప్లాస్టిక్ జారి, మోచెయ్యి గోడకు కొట్టుకుని చీరుకుపోయింది. రంగు గురించే ఆలోచించాం తప్ప నేల సంగతి మాకెవరికీ తట్టలేదు.

సాయంత్రానికి మెర్సీ పుంగనూరు నుంచి దిగింది. తండ్రి మోచేతి కట్టు చూసింది, బాత్రూం చూసింది, తర్వాత నా వంక చూసింది. ఆ చూపుకు నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను.

“యాల ఇట్ల చేసినారు? అంత ఇష్టంగా వేయించినా గదా?”

తిమోతన్నే చెప్పాడు. “అమ్మా, ఆ తెల్లదాంట్లో గోడ యాడ అయిపోయి నేల యాడ మొదలైతాదో నాకు తెల్దు. పాలగిన్నెలో పడిన చీమ మాదిరి ఉంటాది నా పని. అందుకే నీళ్ళు మానుకున్నా.”

“ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే నాన్నా?”

“నువ్వు పెట్టింది గదమ్మా. ఎట్ల చెప్పేది?”

మెర్సీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నన్నెవరూ అడగకపోయినా. కళ్ళు తుడుచుకున్నాక మెర్సీ సరే, టైల్స్ తీసేయమంది. కానీ నలుపు మాత్రం వద్దంది. పచ్చ వేసుకోండి, నీలం వేసుకోండి అంది. “మన సమాధుల తోటలో ఉండేదంతా నల్లరాయే నాన్నా. తాత మీద అదే, అవ్వ మీద అదే. అది తెచ్చి ఇంట్లో పెడితే నేను ఆ గదిలోకి కాలు పెట్టలేను.”

మాకు రాయి అంటే అమ్మోరు, నూరుకునే రోలు. వాళ్ళకు అదింకొకటి. నాకు అప్పటిదాకా తోచలేదు. తిమోతన్న మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు. నీలంలో కనపడదు, నల్లదే కావల్ల.

రాయి కోసేవాళ్ళంతా కుప్పం వైపు ఉన్నారు కాబట్టి కారు మాట్లాడుకుని బయల్దేరాం. నన్నెవరూ పిలవలేదు. ముందు సీట్లో కూర్చున్నాను, దిగమని ఎవరూ అనలేదు. పుంగనూరులో మెర్సీ ఎక్కింది. ముఖం చింతపండులా పెట్టుకుని వెంకటగిరికోటలో భోజనం దగ్గర కూడా పలకలేదు.

కుప్పం పొలిమేరలో ఈశ్వరప్ప అనే ఆయన రాళ్ళ యార్డులో దిగాం. తెల్లబట్టల్లో ముసలాయన, తెల్లచీరలో భార్య, ఏడ్చిన కళ్ళతో కూతురు. నల్లరాయి కావాలన్నాం. ఈశ్వరప్ప భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎవురు పోయినారమ్మా?”

మేం చెప్పేలోగానే ఆయన పాపం మెత్తగా చెప్పుకుపోయాడు. చర్చివాళ్ళకు చాలామందికి చేసి ఇచ్చాడట. పేరు, తేదీలు, వాక్యం రాసిస్తే చాలు, సిలువ ఆయనే చెక్కిస్తాడట.

మెర్సీ ముఖం పాలిపోయింది. నేను దిగొచ్చిన కారు వైపు చూసుకున్నాను. అప్పుడు తిమోతన్న గొంతు సవరించుకుని అన్నాడు. “ఎవురూ పోలేదప్పా. పోవల్సింది నేనే, బాత్రూంకు. దానికే ఈ రాయి.”

ఈశ్వరప్పకు అర్థం కావడానికి కాస్త పట్టింది. మెర్సీకి వెంటనే అర్థమైంది. ఫక్కున నవ్వింది, ఆ నవ్వు ఆగక తండ్రి భుజం మీద తల పెట్టి మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాత వద్దనే మాట ఆ పిల్ల నోట రాలేదు. తానే తండ్రి చెయ్యి పట్టుకుని రాయి రాయి దగ్గరికీ తీసుకుపోయింది.

తిమోతన్న ప్రతి పలకనూ అరచేత్తో నిమిరి చూశాడు. అద్దంలా మెరిసేది వద్దన్నాడు. “దీంట్లో లైటు తిరిగి కనపడతాండాది. ఉన్న ఒక లైటుకే నా కండ్లు తట్టుకోలేవు.” మంట తగిలించి గరుకు చేసిన రాయి ఉంది, తడిలో కూడా కాలు జారదన్నాడు ఈశ్వరప్ప. నేను చెప్పులు విప్పి దాని మీద అటూ ఇటూ నడిచాను. బిందెడు నీళ్ళు పోయించి మళ్ళీ నడిచాను. యార్డులో పనివాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీ. తిమోతన్న ఇంకొకటి అడిగాడు. కోతకు రాని అంచు ముక్కలు మూలన పారేసి ఉంటే, అవీ కావాలన్నాడు. కొండ మీద ఎలా ఉందో అలాగే ఎగుడుదిగుడుగా ఉన్న రాయి. తలుపు నుంచి కమోడ్ దాకా గోడకు నడుమెత్తున పట్టీలా పెడితే, చెయ్యి దాని మీద వేసుకుని పోవచ్చునట.

మేస్త్రి బైరప్ప పని మొదలుపెట్టాడు గానీ సగం మనసుతోనే. “నల్లరాయి పెట్టిన ఇంట్లో లక్ష్మి నిలవదంటారమ్మా” అన్నాడు నాతో.

“నా పేరు ప్రసన్నలక్ష్మి. దినామూ ఈ ఇంట్లోనే ఉండా. నువ్వు సిమెంటు కలుపు” అన్నాను.

వీధి అంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి తొంగి చూసి పోయారు. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. నేను మాత్రం పని జరిగినన్నాళ్ళూ అక్కడే తచ్చాడాను. తెల్ల టైల్స్ ఒక్కొక్కటే ఊడి, ఆ చోట బొగ్గురంగు గరుకురాయి వచ్చి చేరుతుంటే గదికి వేరే ముఖం వచ్చింది. పైన పసుపు బల్బు ఒక్కటి పెట్టారు, కంటికి తగలకుండా చిన్న మరుగు కట్టి. నీళ్ళు చల్లితే వానకు తడిసిన కొండరాయిలా నల్లగా నిగనిగలాడింది. అందులో తెల్ల కమోడ్, తెల్ల బకెట్, తెల్ల మగ్గు. నాకే కళ్ళు అటే పోతున్నాయి. భయపెట్టేంత అందంగా ఉంది. ఇంతకాలం బాత్రూం అంటే వెలుతురుగా ఉండాలని ఎవరు చెప్పారో, ఎందుకు నమ్మామో నాకైతే తెలియలేదు.

సిమెంటు ఆరాక ఒక ఉదయం మెర్సీ వచ్చింది. నన్ను పిలవకముందే నేను వెళ్ళాను. హన్నక్క గుమ్మం దగ్గర కళ్ళు మూసుకుని, “ప్రభువా, ఆయన పాదం జారనీయకు” అని ప్రార్థన చేసి, అలవాటుగా చెయ్యి చాచింది. తిమోతన్న ఆ చెయ్యి పట్టుకోలేదు. అరచెయ్యి గరుకు పట్టీ మీద ఆనించి లోపలికి అడుగుపెట్టాడు. మెర్సీ వెంట పోబోయింది. తలుపు ఆమె ముక్కు ముందే మూసుకుంది. లోపల గడియ పడింది.

ముగ్గురం ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డాం. లోపల ఏ అలికిడీ లేదు. హన్నక్క పెదవులు ఇంకా కదులుతున్నాయి. మెర్సీ గోడకు చెవి పెట్టింది. “గడియ వేసుకున్నాడమ్మా. ఏమన్నా అయితే ఎట్ల తీసేది?” అంది మెల్లగా. బైరప్పను పిలిపిద్దామా, గునపం ఎక్కడుందో చూద్దామా అని నా బుర్ర పరిపరి విధాలుగా పోయింది. ఇక నా వల్ల కాలేదు. తలుపు తట్టేశాను.

“అన్నా, ఏమైంది? కనపడిందా?”

లోపల గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, ఆసుపత్రి రోజుల్లోని ఆ పాత కసురు గొంతు.

“లోపల మనిషి ఉండాడు ప్రసన్నమ్మా. తెల్దా?”

హన్నక్క గోడకు జారగిలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “ఇన్నావా, కసురుకుంటాండాడు” అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని. తర్వాత మమ్మల్నిద్దరినీ ముందుకు తోసింది. “పదండి ఈడ నుంచి. ఆయన్ను ఒంటిగా ఉండనీయండి.”