నా భండారీ వారంలో కొత్త బియ్యం

శబరి నదిలో ఒక చేప వీపును బండరాయి అనుకుని పడవవాడు తాడు కట్టాడనీ, భోంచేసి వచ్చేసరికి ఆ చేప పడవను లాక్కుని గోదావరికి ఎదురెక్కి భద్రాచలం రేవులో తేలిందనీ నేను చెబితే బోర్డింగులో ఒక్కడూ నమ్మలేదు. అయినా వారానికోసారి చెప్పించుకునేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ చేప ఒక మూర పెరిగేది.

సంస్థానం రోజులవి. బస్తరులో కాలేజీ లేదు. కుంట వైపు నుంచి జగ్దల్‌పూర్ వచ్చి హైస్కూలు పై తరగతుల్లో చేరిన మాకు ఆ పెంకుల బోర్డింగే కాలేజీ హాస్టలు. నాలుగు భాషలవాళ్లం ఒకే వంటింటి అన్నం తినేవాళ్లం. వంటకు కావలసినవి కొలిచి ఇచ్చే పని వారానికొకరిది. ఆ వారం వాడిని భండారీ అనేవాళ్లం. భండారీకి ఒకటే భయం. ఎవరి తిండి కట్టుబాటు చెడగొట్టినా సూపరింటెండెంటు పెట్టె సర్దించి ఇంటికి పంపేస్తాడు. మాంసం వండిన గరిటె శాకాహారుల పప్పులో పెట్టిన ఒక పెద్ద విద్యార్థిని మా కళ్లముందే పంపేశాడు.

మా గదిలో నా పక్క చాప ఎర్రబోరు దగ్గరి దోర్ల తెగ రైతు కొడుకుది. నేను వాణ్ణి దొరా అనేవాణ్ణి, వాడు నన్ను సావుకారీ అనేవాడు. కుంటలో మా నాన్నకు కొట్టుంది మరి. దసరా సెలవులయ్యి తిరిగొచ్చినప్పటి నుంచీ వాడికి ఒకటే ధ్యాస. వాళ్ల ఊళ్లో ఇంకా కొత్తల పండుగ కాలేదు. కొత్త పంటను ఊరి అమ్మవారికి వండి పెట్టకముందు ఎవరూ ముట్టరు. ఆ ఏడు వండి పెట్టే వంతు వాళ్ల నాన్నది. ఎన్నో ఏళ్లకు వచ్చిన వంతు. సెలవు చీటీ ముందే రాయించుకున్నాడు.

"మా ఇంట్ల ఒక్కరు ముందల తిన్నా, మా అయ్య చేతి అన్నం అమ్మ ముట్టది," అని చెప్పాడు ఒకసారి. నేను తలూపాను. కొట్లో పెరిగిన నాకు అది కొత్త సంగతి కాదు.

కాదు గనకనే మనసులో పెట్టుకోక తప్పు చేశాను. నా భండారీ వారంలో పాత బియ్యానికి పురుగు పట్టింది. మూలనున్న కొత్త బస్తా విప్పనా అని వంటాయన హల్బీలో అడిగాడు. జగ్దల్‌పూర్‌లో కొత్త తినే పండుగ భాద్రపదంలోనే అయిపోయింది. ఊరంతా కొత్త బియ్యం తింటోంది. అయిపోయిందిగా, విప్పు అన్నాను. ఇక్కడ అయితే అందరికీ అయినట్టేనని ఆ పూట నా బుర్రకు తోచింది. ఏ ఊరి పండుగ ఆ ఊరి పెద్దలు పెట్టినప్పుడేనని, అది అయ్యేదాకా ఆ ఊరివాళ్లకు కొత్త గింజ చూపించకూడదని, మా నాన్న నాకు నడక రాకముందే నేర్పాడు.

మధ్యాహ్నం బంతిలో కూర్చున్నాం. మూడో ముద్దకు అన్నం వేళ్లకు జిగురుగా అంటుకుంది. తల ఎత్తి చూశాను. ఎదురు వరసలో మా దొర తల వంచుకుని తింటున్నాడు. ఆకు సగం ఖాళీ అయింది. ఆగు అని అరిస్తే బంతి అంతటికీ తెలిసిపోతుంది. వడ్డించేవాడు మారు అడిగితే వాడు చేయి అడ్డం పెట్టాడు. కడుపు నిండిందేమో అనుకున్నాను.

రెండు రోజులు నాకు తిండి సయించలేదు. చెబితే వాడు పండుగకు వెళ్లడు, వెళ్లినా తండ్రి ముందు నిలబడలేడు. చెప్పకపోతే వాడి తండ్రి ఎంగిలైన ఇంటి చేత్తో అమ్మకు వండి పెడతాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా అది నా బస్తాలోంచి వచ్చినట్టే. చెబితే నా పెట్టె సర్దుకోవాలన్న సంగతి కూడా మధ్యమధ్యలో గుర్తొచ్చేది. లేదని ఎందుకు బొంకాలి.

మూడో రోజు పొద్దున్నే వాడు ఊరికెళ్లే లారీ. బావి దగ్గర స్నానాలు చేస్తుంటే ఇక ఆగలేక, పదిమంది ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా చెప్పేశాను.

"దొరా, మొన్న మధ్యాహ్నం నువ్వు తిన్నది కొత్త బియ్యం. నేనే బస్తా విప్పించిన."

వాడు చెంబు దించి నా వైపు చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"ఏంది సావుకారీ, చేప అయిపోయి ఇప్పుడు బియ్యం మొదలు పెట్టినవా?"

బావి చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఒట్టు అన్నాను. ఇంకా నవ్వారు. ఆ బస్తాను కూడా చేపే లాక్కొచ్చిందా అని ఒకడు అడిగాడు. మా దొర తల తుడుచుకుని, మూట భుజాన వేసుకుని లారీ ఎక్కాడు.

వాడు తిరిగొచ్చేదాకా దక్షిణం నుంచి వచ్చే ఏ లారీనీ నేను వదల్లేదు. బజారులో ఆగగానే వెళ్లి, ఎర్రబోరు వైపు అందరూ బాగేనా, జ్వరాలేమైనా ఉన్నాయా అని అడిగేవాణ్ణి. మీవాళ్లెవరున్నార్రా అక్కడ అని డ్రైవరు విసుక్కున్నాడు. బోర్డింగులో కథ చెప్పమంటే గొంతు బాగాలేదనేవాణ్ణి. నిజంగానే జబ్బు చేసిందనుకుని వంటాయన మిరియాల కషాయం కాచి తాగించాడు.

వాడు వచ్చిన రోజు గదిలో మేమిద్దరమే ఉన్నాం. మూట విప్పి మోదుగాకు పొట్లం ఒకటి నా చాప మీద పెట్టాడు. అడగకముందే చెప్పాడు.

"అమ్మకు మా అయ్య పెట్టలే. మా చిన్నయ్య పెట్టిండు."

నా మాట నమ్మినవా అన్నాను.

"నువ్వు చెప్పేదేంది. రైతు కొడుకును, నోట్ల పెట్టంగనే తెల్వదా? అప్పటికే మింగిన. లేచిపోతే ఎందుకు లేచినవని అడుగుతరు. అందుకే ఆకు మీద ఉన్నది తిని, మారు వద్దన్న."

ఇంటి గడప తొక్కకముందే తండ్రిని బయటికి పిలిచి చెప్పాడట. తండ్రి ఊరి పూజారి దగ్గరికి వెళ్లి, ఒక కోడిగుడ్డు తప్పు కింద చెల్లించి, వంతు వేరుగా ఉంటున్న తమ్ముడికి ఇచ్చేశాడట. మళ్లీ ఆ వంతు ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు.

"నీకు ఎవరు పెట్టిండ్రని మీ అయ్య అడగలేదా?"

"అడిగిండు. ఆకలైంది, నేనే తిన్న అన్న."

"మరి బావి కాడ ఎందుకు నవ్వినవ్?"

"పదిమంది ఉన్నరు. నేను నమ్మితే ఆళ్లూ నమ్ముతరు. నీ పెట్టె ఎవరు మోస్తరు కుంట దాకా?" పొట్లం నా వైపు జరిపాడు. "తిను. మా అమ్మ ఇచ్చింది. పండుగ అయినంక దంచినవే."

కొత్త వడ్ల అటుకులు. నేను పిడికెడు నోట్లో పోసుకున్నాను. వాడు నేను మింగేదాకా చూసి, అప్పుడు చొక్కా విప్పి తగిలించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బంతిలో అందరూ వింటుండగా వాడే అడిగాడు.

"ఏంది సావుకారీ, ఆ చేప సంగతి మళ్లోసారి చెప్పరాదు?"

చెప్పాను. ఎన్ని మూరలుందని అడిగారు. ఆ రోజు మాత్రం చేపను కొంచెం తగ్గించి చెప్పాను.