పాట ఆగిన చోట

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో నాన్న బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మిల్లు గోడకు ఆనుకునే మా ఇల్లు, ఒకటే గది. ఆదివారం మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు రేడియో పెట్టేవాడు. ఆ గంట మా స్థానిక స్టేషన్‌లో ఇంగ్లీషు పాటలు వచ్చేవి. నేను పాటల కోసం, ఆయన ఆ తర్వాత వచ్చే వ్యవసాయ కార్యక్రమం కోసం కూర్చునేవాళ్లం.

ఒక ఆదివారం అనౌన్సర్, ఇప్పుడు వేసేది ప్రోగ్రెసివ్ రాక్ అని, పాట పొడుగని, కాస్త ఓపిక పట్టమని చెప్పాడు. ఆర్గాన్ మొదలైంది. డ్రమ్ములు వచ్చాయి, పోయాయి. గిటారు ఒక్కటే చాలాసేపు ఎటో వెళ్లింది. పాడే మనిషి మాత్రం రాలేదు.

"ఇంకా సురువు గాలేదా బిడ్డా? సామాన్లు సదురుకుంటున్నరా?" అన్నాడు నాన్న, పప్పు కలుపుతూ.

"ఇదే పాట నాన్నా."

"గిట్లయితే నా అన్నం ఖతమైతది గని వాడు నోరు తెరవడు."

ఉన్నట్టుండి వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఆ ఆగిన చోట, అడుగున, ఎవరో పెదవులు బిగించి మూలుగుతున్నట్టు ఒక చప్పుడు వినబడింది. నేను రేడియో దగ్గరికి జరిగాను. మళ్లీ ఆర్గాన్ వచ్చి దాన్ని కప్పేసింది. ఆ రోజు డైరీలో, ఈ పాటలో ఎవరో ఉన్నారు అని రాసుకున్నాను, నాన్నకూ చెప్పాను.

అనౌన్సర్‌కు కూడా ఆ పాట ఇష్టమేమో, అప్పుడప్పుడూ వేసేవాడు. ఆ చోటు రాగానే నేను రేడియోకు చెవి ఆనించేదాన్ని. నా కోసం నాన్న చేతిలో ముద్ద ఆపేవాడు.

"వచ్చిండా నీ మనిషి?" అని మెల్లగా అడిగేవాడు.

ప్రతిసారీ వచ్చేవాడు.

ఇంటర్ చదవడానికి సూర్యాపేట హాస్టల్‌కు వెళ్లాను. బస్టాండు దగ్గరి పాత పుస్తకాల కొట్లో, పోటీ పరీక్షల గైడ్ల కింద, ఇంగ్లీషు సంగీత పత్రికలు కొన్ని దొరికాయి. "ఇవి ఏ పరీక్షకు పనికొస్తయమ్మా?" అన్నాడు కొట్టు ఆయన. ఏ పరీక్షకూ కాదనడానికి సిగ్గేసి, ఇంగ్లీషు పేపర్‌కు అన్నాను. వినే దారి లేని పాటలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఒక సంచికలో నా పాట గురించి ఉంది. మధ్యలో అన్నీ ఆగి పూర్తి నిశ్శబ్దం వస్తుందట, పాటకు ప్రాణం అదేనట. రాసినవాడు సరిగా వినలేదనుకున్నాను.

డిగ్రీ చివరి ఏడాది నాన్న పోయాడు. గుండెపోటు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. తర్వాత మిల్లు అమ్ముడుపోయింది, అక్కడ ప్లాట్లు వేశారు. కోదాడలో నాకు బడి ఉద్యోగం దొరికితే అమ్మా నేనూ ఇక్కడికి వచ్చేశాం.

చేతిలో ఫోను ఉంది, వెతికితే ఆ పాట దొరుకుతుందని తెలుసు. అయినా వెతకలేదు. నాన్న గొంతు మా దగ్గర ఎక్కడా రికార్డయి లేదు. ఆయనతో కూర్చున్న మధ్యాహ్నాల్లో మిగిలింది ఆ పాటొక్కటే. విన్నాక అందులో ఆ మధ్యాహ్నాలు లేకపోతే ఏం చేయాలో తెలియక ఆగిపోయాను.

మొన్న సెలవు రోజు, అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఎందుకో ధైర్యం చేసి పెట్టాను. ఆర్గాన్, డ్రమ్ములు, గిటారు. ఆ చోటు వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. వాల్యూమ్ పెంచాను. ఏమీ లేదు. పత్రికలో రాసినవాడు సరిగానే విన్నాడు.

మిల్లు పక్కన పెరిగినవాళ్లకు మిల్లు వినబడదు. మాట మీద, నిద్ర మీద, అన్నం మీద ఆ చప్పుడు ఎప్పుడూ ఉండేది కాబట్టి అది ఉన్నట్టే మాకు తెలిసేది కాదు. చెవి పెట్టి వింటున్న పాట ఆగినప్పుడే అది నాకు చేరింది. నేనేమో పాటలోదనుకున్నాను. మరి నాన్న? బాయిలర్ దగ్గర బతుకంతా గడిపిన మనిషికి తన మిల్లు గొంతు తెలియదా? ముద్ద ఆపి ఆయన విన్నది దేన్నో, తెలిసే నాకు చెప్పలేదో, అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

"పాట ఆగిపోయిందానే?" అంది అమ్మ.

"లేదమ్మా. గీడ జరసేపు గిట్లనే ఉంటది."

"ఏమొస్తలేదు గదనే."

"ఏమొస్తలేదమ్మా," అని పాటను మళ్లీ ఆ చోటికే వెనక్కి జరిపాను.