యుద్ధదేశానికి బయల్దేరిన బస్సమ్మాయి

రాజ్యాలు ఎప్పుడు పుట్టాయో, ఎప్పుడు కూలాయో రాసిపెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. బస్సమ్మాయి తన ముందు వచ్చి ఆగిన బస్సును మొట్టమొదటిసారి ఎక్కకుండా వదిలేసింది ఏనాడో మాత్రం ఏ చరిత్రకారుడూ రాయలేదు. చరిత్రకు ఇది పూడ్చలేని లోటు. మొదటి బస్సు వీడియో తీయడానికి, రెండో బస్సు ఎక్కడానికి అన్నది ఆమె తనకు తాను వేసుకున్న శాసనం. బస్సు మలుపు తిరిగి, బుస్సుమని ఆగి, తలుపులు తెరిచి, దిగేవాళ్ళను దింపి, ఎక్కేవాళ్ళను ఎక్కించుకుని కనుమరుగయ్యేదాకా కెమెరా పట్టుకుని రాతిస్తంభంలా నిలబడేది. ఆ తర్వాత రెండో బస్సు కోసం చూసేది. రెండో బస్సు రావడం మన చేతుల్లో ఉండదు కదా. ఈ శాసనం వల్ల ఆమె ఒక ఉద్యోగం పోగొట్టుకుంది. ఇద్దరు స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళకు కుర్చీలు మడతపెట్టే వేళకు చేరింది. సొంత అన్నయ్య ఆఫీసు ప్రారంభోత్సవానికి, ఆయన తాళం వేస్తుండగా పూలగుత్తితో ప్రత్యక్షమైంది.

ఆ అన్నయ్య బీమా ఏజెంటు. మనిషికి ఏయే ఆపదలు రావచ్చో వరసపెట్టి చెప్పి, విన్నవాడి ముఖం పాలిపోయాక సంతకం పెట్టించుకోవడం ఆయన వృత్తి. అంతటి వాక్చాతుర్యం ఉన్నవాడూ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నీళ్ళు నమిలేవాడు. "మీ చెల్లెలు ఏం చేస్తుంటుందండీ?" అని ఎవరైనా అడిగితే, గొంతు సవరించుకుని, రవాణా రంగంలో ఉందండీ అనేవాడు. దాంతో ఒక పాలసీదారు తన సోఫా, రెండు బీరువాలు కొత్త ఇంటికి చేర్చడానికి ఎంత అవుతుందో కనుక్కోమని ఆయన వెంటపడ్డాడు.

నిజానికి ఆమె చేసేది వీడియోలు. ఏ బస్సు ఎక్కడ దొరుకుతుంది, రైలు దిగి ఏ మెట్లెక్కితే బస్సు అందుతుంది, ఏ స్టాపులో వాన పడితే తలదాచుకునే చోటుంది, ఇవి చూపించి చెప్పేది. పదకొండో నంబరు బస్సులో పొద్దుటిపూట కుడివైపు కూర్చుంటే ఎండ చంపేస్తుందన్న సత్యాన్ని లోకానికి చాటింది ఆమే. ఊళ్ళో చాలామంది ఆ రోజు నుంచీ ఎడమవైపు కూర్చుంటున్నారు. వీధిలో అందరూ ఆమెను బస్సమ్మాయి అనేవారు. తలలో నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నా, ఆ పిలుపులోంచి అమ్మాయి పోలేదు.

ఇంట్లో మిగిలిన మనిషి తల్లి. కింద ఆమె టైలరింగ్ షాపు, పైన ముగ్గురూ ఉండే గదులు. తండ్రి పోయి చాలాకాలమైంది. తల్లికి బస్సు పడదు. ఎక్కిన రెండో స్టాపులో కడుపులో తిప్పుతుంది. ఆఖరికి కదిలే బస్సును ఫోనులో చూసినా తిప్పుతుంది. అందుకని కూతురి వీడియో వచ్చినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టి, కుట్టుమిషను ఆపి వినేది. ఊళ్ళోని బస్సులన్నీ ఆమెకు చెవులతో మాత్రమే తెలుసు.

కొన్నేళ్ళ కిందట బస్సమ్మాయి పక్కదేశంలోని ఒక నగరానికి వెళ్ళి, అక్కడి ట్రాములూ బస్సులూ ఎక్కి దిగి, వరసగా వీడియోలు చేసింది. ట్రామ్ నడిపే ఒకావిడతో స్నేహం కుదిరింది. ఆ భాష కూడా కొంత పట్టుబడింది. అయితే నేర్చుకున్నదంతా బండిలో వినిపించే ప్రకటనల నుంచే. ఇరుగుపొరుగును పలకరించడం రాదు గానీ, తలుపులు మూసుకుంటున్నాయి, దూరంగా ఉండండి అని మాత్రం తడుముకోకుండా చెప్పగలదు. ట్రామావిడ ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు, సెలవు తీసుకుంటూ, మీ సామాను మరిచిపోవద్దు అని ఆ ఇంటివాళ్ళకే చెప్పి వచ్చింది.

ఆమె తిరిగి వచ్చాక ఆ దేశంలో యుద్ధం మొదలైంది. ఆ నగరం వదిలి వెళ్ళినవాళ్ళు తమ వీధి ఎలా ఉండేదో చూసుకోవడానికి ఆమె పాత వీడియోలు వెతికి పెట్టుకున్నారు. వెళ్ళకుండా అక్కడే ఉన్నవాళ్ళు వేరే సంగతి అడగసాగారు. మా బస్సు తిరుగుతోందా, ఎక్కడ ఆగుతోంది అని. ఆమె ట్రామావిడకు ఫోను చేసి కనుక్కుని జవాబు రాసేది. ఒకసారి ఒక స్త్రీ, వంతెన దాటి ఆస్పత్రికి వెళ్ళే బస్సు ఉందా అని అడిగింది. ట్రామావిడ ఫోను కలవలేదు. బస్సమ్మాయికి ఆ దారి కంఠతా వచ్చు. ఉంది, వంతెన ముందు ఎక్కండి అని రాసేసింది.

సాయంత్రం జవాబు వచ్చింది. నిలబడ్డాను, రాలేదు, పరవాలేదు, రేపు మళ్ళీ చూస్తాను అని. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. బస్సమ్మాయి అన్నం ముందు కూర్చుని అది చదివి, కంచం పక్కకు జరిపింది. వంతెన వైపు బస్సులు ఎప్పుడో మానేశాయని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే ఆమె ఇంట్లో చెప్పేసింది, ఆ నగరానికి మకాం మార్చేస్తున్నానని. చూసి రావడానికి కాదు, ఉండటానికి. పొద్దున్నే తిరిగి, ఏ బస్సు ఏ దారిన పోతోందో, ఏ స్టాపు ఎక్కడికి మారిందో చూసి జనానికి చెప్పే మనిషి అక్కడి డిపోకు కావాలి. ట్రామావిడ మాట సాయం చేసింది. డిపో పెద్దాయన ఫోనులో, ఎందుకు రావాలనుకుంటున్నావమ్మా అని అడిగాడు. బస్సమ్మాయి కంగారులో తనకు బాగా వచ్చిన వాక్యం అందుకుని, దయచేసి లోపలికి జరగండి, తలుపు దగ్గర నిలబడకండి అంది. ఇన్నేళ్ళుగా మేం చెబితే ఒక్కడూ జరగలేదు, నువ్వొచ్చి చెప్పు, జరుగుతారేమో అన్నాడాయన. డిపో వెనక సిబ్బంది గదుల్లో ఒక గది ఆమెకు ఇస్తామన్నారు.

తల్లి ఆ కబురు విని, కొడుకును పిలిచి, దాన్ని ఆపే పూచీ నీదే అని చెప్పి, కత్తెర తీసుకుంది. అమ్మ వెళ్ళిరా అననిదే కదలనని బస్సమ్మాయి ముందే మాటిచ్చింది. కాబట్టి అంతా తల్లి నోట్లోంచి రావలసిన ఒక్క మాట మీద ఆగింది. ఆ మాట రాకుండా చూడటం అన్నయ్య పని. ఆపదల మీద ఆయనకున్నంత పాండిత్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాలసీ కాగితాల సంచీతో చెల్లెలి గదిలోకి నడిచాడు.

"ఏ పాలసీ తీసినా యుద్ధం అన్న మాట ఒకటుంటుంది. అక్కడితో కంపెనీ తప్పుకుంటుంది, తెలుసా?"

"కంపెనీ తప్పుకోనీ అన్నయ్యా. బస్సులు తప్పుకోలేదుగా, తిరుగుతూనే ఉన్నాయి."

"నడిపేవాళ్ళది ఆ ఊరు. వాళ్ళకి తప్పదు. నీకేం ఖర్మ?"

"వాళ్ళు నడుపుతున్నారు. ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ళే లేరు."

"ఇక్కణ్ణుంచే చెప్పు. నిన్నెవరు వద్దన్నారు?"

"చెప్పాను. ఆవిడ నిలబడింది."

అన్నయ్య అయినా ఓటమి ఒప్పుకోలేదు. మర్నాడు ఆమె వీడియో తీసే చోటికి తానూ వస్తానన్నాడు. పనిలో ఉండగా మెత్తబడుతుందని ఆయన లెక్క.

ఊళ్ళో పెద్దరోడ్డు తవ్వేశారు. స్టాపు ఎక్కడికి మారిందో చెప్పే కాగితం ఒక స్తంభం వెనక, అటు తిరిగి ఉన్న గోడకు అంటించారు. చదవాలంటే స్తంభాన్ని కౌగిలించుకోవాలి. జనం పాత స్టాపులోకి వచ్చి నిలబడుతున్నారు. బస్సమ్మాయి కెమెరా సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టి, వచ్చినవాళ్ళకు వచ్చినట్టు దారి చెప్పసాగింది. ఎటు వెళ్ళాలండీ అని అడిగి, విని, అప్పుడు వేలు చూపించేది. అన్నయ్య చూస్తూ నిలబడ్డాడు. నలుగురికి చెప్పేసరికి ఆయనకూ ఈ విద్య వచ్చేసిందన్న నమ్మకం కుదిరింది.

అంతలో ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకున్న ఒకావిడ హడావిడిగా వచ్చింది. అన్నయ్య ముందుకు వెళ్ళి, కంపెనీ సమావేశాల్లో వాడే గొంతుతో, ఎదుటి మూల దగ్గర ఎక్కండి మేడమ్ అన్నాడు. ఎటు వెళ్ళాలని మాత్రం అడగలేదు. ఆవిడ వెళ్ళింది. బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కింది. చెల్లెలు ఇటు తిరిగి చూసి, "ఆ కవరున్నావిడ ఆస్పత్రికి కదూ? అది స్టేషనుకు పోయే బస్సు" అంది.

అప్పుడు జరిగినదాన్ని బస్సమ్మాయి తీయలేదు. తీసి ఉంటే ఆమె చేసిన అన్ని వీడియోల్లోనూ ఎక్కువమంది చూసింది అదే అయ్యేది. మెరిసే బూట్లతో, భుజం మీదికి ఎగిరిన టైతో, చంకలో పాలసీ సంచీతో ఒక బీమా ఏజెంటు తవ్విన రోడ్డు పక్కన మట్టికుప్పలు దూకుతూ బస్సు వెంట పరిగెత్తాడు. సిగ్నలు దయవల్ల అందుకున్నాడు. కిటికీ కొట్టి, ఆవిడను దింపి, ఆవిడ సంచీ తాను మోస్తూ సరైన స్టాపు దాకా నడిపించాడు. బస్సెక్కే ముందు ఆవిడ వెనక్కి తిరిగింది.

"తెలియకపోతే తెలియదని చెప్పొచ్చుగా బాబూ. అడిగినవాళ్ళు నమ్ముతారు."

బస్సు కదిలిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. రొప్పు తగ్గడానికి అని చెల్లెలితో అన్నాడు. పాలసీ సంచీ కిందపెట్టి, ఆ సాయంత్రం చాలాసేపు ఆమె పక్కనే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనూ ముందు ఎటు వెళ్ళాలో అడిగాడు. యుద్ధం ఊసు ఎత్తలేదు.

ఇంటికొచ్చి షాపులో తల్లి ముందు నిలబడి, నా వల్ల కాలేదమ్మా అన్నాడు. జరిగింది జరిగినట్టు, మట్టికుప్పలతో సహా చెప్పాడు.

"ఆపి రమ్మంటే, నువ్వూ దాంతో పాటు నిలబడి వచ్చావా?" అంది తల్లి.

ఆయన బూట్ల మట్టి వైపు చూసుకున్నాడు. "అది వెళ్ళాల్సిందేనమ్మా. ఆ పని దానికే వచ్చు."

చెల్లెలి గురించి ఆయన నోటివెంట అటువంటి మాట రావడం అదే మొదలు. తల్లి చాలాసేపు చేతిలోని బట్ట అంచు మడిచి విప్పి, మడిచి విప్పి చూసుకుంది. తర్వాత కూతుర్ని కిందికి పిలిచింది. మెడలోని టేపు తీసింది.

"నిలబడు. అక్కడ చలి ఎక్కువా?"

"ఎక్కువే అమ్మా."

"బాంబులు పడితే?"

"నేల కింది గదుల్లోకి దిగాలి. కొన్ని స్టాపుల దగ్గర ఉన్నాయి. ఏది తెరిచి ఉందో కూడా నేనే చెప్పాలి."

టేపు భుజం మీద ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"చేతులు పక్కకి పెట్టు. ఊపిరి బిగబట్టకు, కొలత తప్పుతుంది." నడుము దగ్గరికి వచ్చాక, తల ఎత్తకుండానే, "నారింజ రంగు వేస్తాను. డ్రైవర్లకి దూరం నుంచి కనపడాలి. వెళ్ళిరా" అంది.

కోటు సిద్ధమైంది. లోపల లెక్కలేనన్ని జేబులు, చేతులకు మెరిసే పట్టీలు. అంత కొట్టొచ్చినట్టు కనపడే కోటు ఆ షాపులో అంతకుముందు ఎన్నడూ తయారు కాలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ తల్లి దాన్ని తిప్పి చూపించి, మా అమ్మాయిది, అక్కడికి వెళ్తోంది అనేది. ఎక్కడికని అడిగేదాకా ఆగి, అప్పుడు చెప్పేది.

అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. పాలసీ అమ్మడానికి వెళ్ళిన ఇంట్లో పాలసీ మరిచిపోయి చెల్లెలి గురించి చెప్పి వచ్చేవాడు. ఆయన చెప్పగా చెప్పగా డిపో పెద్దాయన నగర రవాణా అధిపతి అయ్యాడు, వారం తిరిగేలోపు మంత్రి అయ్యాడు. ఆవిడే రావాలి, ఇంకెవరూ పనికిరారు అని ఆ మంత్రి ఫోనులో ప్రాధేయపడ్డట్టు టీకొట్లో అనుకున్నారు. బస్సమ్మాయి ప్రయాణమయ్యే రోజుకు వీధివాళ్ళలో సగంమంది ఆమె వెళ్ళి యుద్ధం సంగతి తేల్చేస్తుందనే నమ్మారు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఆమెతో గౌరవంగా, కొంచెం దూరంగా నిలబడి మాట్లాడారు. సోఫా, రెండు బీరువాల పాలసీదారు కూడా వచ్చి చేతులు జోడించాడు.

అక్కడి నుంచి మొదటి వీడియో వస్తుందన్న కబురు రాగానే అన్నయ్య టైలరింగ్ షాపులో గోడకు పెద్ద తెర తగిలించాడు. వీధి వీధంతా వచ్చింది. చోటు చాలక కొందరు ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నారు. అన్నయ్య ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. ధైర్యం గురించి, కర్తవ్యం గురించి, దేశాల మధ్య ఉండవలసిన బంధం గురించి చెప్పాడు. తల్లి కుర్చీ తెరకు ఎదురుగా వేయించుకుంది. ఎవరో దీపాలు తగ్గించారు. అందరూ ఊపిరి బిగబట్టారు.

వీడియో నిమిషం కూడా లేదు. ఏడో నంబరు బస్సు ఇకమీదట బట్టల కొట్టు ముందు ఆగదనీ, వెనక వీధిలో మందుల దుకాణం మూలన ఆగుతుందనీ అందులో ఉంది.